మిద్దె మీద పొద్దు, చేతిలో బిల్లు

మా మిద్దె మీద సోలార్ పలకలు ఎక్కి అప్పటికి మూడు వారాలు. మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి నిలిచిపోయాయి. అవ్వ మంచం దిగి వాకిట్లోకి వచ్చి, నొసటికి చేయి అడ్డం పెట్టుకొని పైకి చూసింది.

"పొద్దు నెత్తిమిందే ఉండాది కదరా. ఇంగ కరెంటు యాల పోయ?"

నా దగ్గర జవాబు లేదు. పలకలు బిగించిన అబ్బాయికి ఫోన్ చేస్తే, "సార్, అది ఆన్ గ్రిడ్ కదా" అన్నాడు, పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసుండాల్సిన సంగతి అన్నట్టు. లక్ష పైచిలుకు పోసి కొన్న వస్తువు ఎలా పనిచేస్తుందో నాకు తెలియదని ఆ క్షణాన తెలిసింది. వంకాయ కొంటే తొడిమ తిప్పి పుచ్చు చూసే మనిషిని నేను. సోలార్ మాత్రం పక్కింటివాళ్ల మిద్దె చూసి కొన్నాను.

అవ్వ అడిగిన దానికి జవాబు ఇది. మామూలుగా ఇళ్ల మీద పెట్టే పలకలు ఈబీ (కరెంటు బోర్డు) లైనుతో కలిసి పనిచేస్తాయి, ఆన్ గ్రిడ్ అంటే అదే. పలకల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇన్వర్టర్ ఏసీగా మార్చి ఇంటికిస్తుంది, మిగిలినది వీధి లైనులోకి పంపుతుంది. వీధిలో కరెంటు పోయిందంటే ఎక్కడో ఒక లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉండొచ్చు. ఆ సమయంలో మన మిద్దె మీది కరెంటు లైనులోకి వెళితే అతని ప్రాణం పోతుంది. అందుకే లైను చచ్చిన మరుక్షణం ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన కట్టుబాటు. ఈ మాట చెప్పాక అవ్వ ఒక్క నిమిషం ఆలోచించి, "అట్లయితే నిలిచేదే మేలు" అని విసనకర్ర అందుకుంది.

నా పొరపాటుకు సగం కారణం మా ఊరి చరిత్రలో ఉంది. తమిళనాడులో హోసూరు పక్కనున్న మా కెలమంగలం చుట్టుపక్కల సోలార్ మొదట మిద్దె మీదికి రాలేదు. సానమావు అడవి నుంచి ఏనుగులు రాగి చేలల్లోకి దిగకుండా సోలార్ కంచె వచ్చింది. తరవాత సోలార్ వీధి దీపం వచ్చింది. 2011లో జయలలిత ప్రభుత్వం పల్లెల్లో పేదలకు 300 చదరపు అడుగుల ఇండ్లు కట్టించే పథకం తెచ్చినప్పుడు, వాటికి సోలార్ దీపాలు అమర్చారు. వాటిని జనం పచ్చ ఇండ్లు అన్నారు. ఆ వెంటనే 2012. చెన్నైని పక్కన పెడితే తమిళనాడు జిల్లాల్లో రోజుకు పది పన్నెండు గంటలు కరెంటు లేని కాలం. ఊరంతా చీకట్లో ఉంటే కంచె పనిచేసేది, పచ్చ ఇంట్లో బల్బు వెలిగేది. వాటన్నిటికీ బ్యాటరీలు ఉన్నాయి. సోలార్ అంటే కరెంటు పోయినప్పుడు వెలిగేది అని మా బుర్రల్లో అప్పుడే పాతుకుపోయింది. ఇప్పుడు సబ్సిడీతో వచ్చే మిద్దె సోలార్ మాత్రం బిల్లు తగ్గించడానికే ఉన్నది, చీకటి పోగొట్టడానికి కాదు.

కాబట్టి మొదటి ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోండి. మీ బాధ బిల్లా, చీకటా?

చీకటే అయితే బ్యాటరీ కావాలి. హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కలిస్తే ఖర్చు బాగా పెరుగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగైదేళ్లకు మార్చాలి, లిథియంది ఎక్కువ కాలం నిలుస్తుంది, ధర కూడా దానికి తగ్గట్టే. ఇప్పుడు మా దగ్గర నెలకొక రోజు మరమ్మతు పేరుతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసేయడం, గాలివానకు పోవడం తప్ప 2012 నాటి గోస లేదు. ఆ కాసిని గంటల కోసం లక్షలు పెట్టాలా? ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న మనిషి ఉంటే పెట్టాల్సిందే. లేకపోతే పాత ఇన్వర్టర్, ఒక బ్యాటరీ చాలు.

బిల్లే బాధ అయితే ఇక లెక్క మొదలుపెట్టాలి. ఈ అధ్యాయంలో మీ చేత చేయించాలనుకున్నది కూడా ఈ లెక్కే.

మా ప్రాంతపు తెలుగు కుటుంబాలు మూడు రాష్ట్రాల్లో పరుచుకొని ఉంటాయి. చెల్లెల్ని కుప్పంలో ఇచ్చి ఉంటారు, బావమరిది అత్తిబెలెలో ఇల్లు కట్టి ఉంటాడు, మనం కెలమంగలంలో ఉంటాం. పెళ్లిలో ముగ్గురూ ఒక బంతిలో కూర్చుంటారు. కుప్పం వాళ్లు సోలార్ గొప్ప అంటారు, అత్తిబెలె వాళ్లు దండగ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఎవరి రాష్ట్రం లెక్క వాళ్లది.

కుప్పం పక్కన నడిమూరులో 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటింటి సోలార్‌ను ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితం. బీసీలకు కేంద్రం ఇచ్చేదాని మీద మరో 20 వేలు. ఉచితంగా వచ్చినవాడికి లాభనష్టాల లెక్కే అక్కర్లేదు, పలకలు శుభ్రంగా ఉంచుకుంటే చాలు. కర్ణాటకలోని అత్తిబెలెలో 2023 నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు, వాళ్ల పాత సగటు మీద పది శాతం వరకు బిల్లు సున్నా. సున్నా బిల్లును సోలార్ ఇంకెంత తగ్గిస్తుంది?

మన తమిళనాడు లెక్క వేరు. బిల్లు రెండు నెలలకొకసారి, ఏడాదికి ఆరు. 2016 నుంచి ప్రతి ఇంటి కనెక్షన్‌కూ ఆ రెండు నెలల్లో మొదటి 100 యూనిట్లు ఉచితం. ఆ తరవాత మెట్లు. 500 యూనిట్ల లోపు ఉంటే కింది మెట్లు చవక. 500 దాటిందా, చవక మెట్టు ఒకటి చేజారుతుంది, పై యూనిట్లు ఎనిమిది రూపాయల పైన మొదలవుతాయి. 1000 దాటితే పదకొండు పైమాట.

రెండు ఇండ్లు తీసుకుందాం.

మొదటి ఇల్లు రెండు నెలలకు 300 యూనిట్లు వాడుతుంది. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, మిక్సీ. బిల్లు సుమారు ఏడు వందలు. 1 కిలోవాట్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి, అంటే రెండు నెలలకు 240. మిగిలే 60 ఉచితంలో పోతాయి, బిల్లు సున్నా. బాగుంది కదా? ఏడాదికి మిగిలేది నాలుగు వేల పైచిలుకు. సబ్సిడీ పోను చేతి నుంచి పడేది నలభై, యాభై వేలు. పెట్టింది తిరిగి రావడానికి పది పన్నెండేళ్లు. ఈ లోపల ఇన్వర్టర్ ఒకసారి మారుతుంది.

రెండో ఇల్లు 900 యూనిట్లు వాడుతుంది. రెండు గీజర్లు, ఒక ఏసీ, బోరు మోటారు, ఎలక్ట్రిక్ స్కూటర్. బిల్లు ఐదున్నర వేల పైన. 3 కిలోవాట్ల పలకలు 720 యూనిట్లు ఇస్తే మిగిలేవి 180, బిల్లు రెండు వందల లోపు. ఏడాదికి ముప్పై వేలకు పైగా మిగులు. సబ్సిడీ పోను లక్షా ఇరవై వేలు పెట్టారనుకుంటే నాలుగేళ్లలో గిట్టుబాటు. పలకల ఆయుష్షు పాతికేళ్లు.

ఒకే వీధి, ఒకే పొద్దు. మొదటి ఇంటాయన రెండో ఇంటాయనను చూసి అప్పు చేస్తే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు. నేను చేసింది అదే. మా ఇల్లు 300కూ 900కూ నడుమ, 300 వైపుకే ఎక్కువ మొగ్గి ఉంది. రెండు కిలోవాట్లు పెట్టాను. ఒకటి చాలేది.

హోసూరు చుట్టూ కంపెనీలు పెరిగాక మా వైపు చాలామంది మేడమీద రెండు మూడు గదులు కట్టి బాడుగకు ఇచ్చారు. వాళ్లకు ఇంకో చిక్కు. బాడుగ గదులకు వేరువేరు మీటర్లుంటే, ఉచిత 100 యూనిట్లు ఒక్కో మీటరుకు విడివిడిగా వస్తాయి. పలకల యూనిట్లు మాత్రం ఒక్క మీటరు ఖాతాలోకే పోతాయి. మీ బిల్లు చిన్నదై, మిద్దె పెద్దదైతే సోలార్ మీకంత లాభసాటి కాదు. మిద్దె ఎంత పెద్దదో చూసి "సార్, ఐదు కిలోవాట్లు పట్టుద్ది" అనేవాళ్లు వస్తారు. పట్టుద్ది, నిజమే. గోనెసంచి పట్టినంతా వడ్లు మన దగ్గర ఉండాలి కదా.

కేంద్రం సబ్సిడీ సంగతి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. కోటి ఇండ్లు లక్ష్యం, 75 వేల కోట్ల పైచిలుకు కేటాయింపు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు మించదు. నాలుగైదు కిలోవాట్లు పెట్టినా అంతే. దేశంలో తయారైన పలకలే వాడాలి, పథకంలో నమోదైన వాళ్లతోనే బిగించుకోవాలి. డబ్బు ముందు మనం కట్టాలి, పని పూర్తయి, మీటరు మారి, తనిఖీ అయ్యాక సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ నడుమ రోజులకు చేతిలో డబ్బుండాలి, లేదా అప్పు. ఈ పథకం కింద 3 కిలోవాట్ల వరకు పూచీ లేకుండా తక్కువ వడ్డీకి బ్యాంకులు అప్పిస్తాయి. నెల కంతు ఎంతో, తగ్గే బిల్లు ఎంతో పక్కపక్కన రాసి చూసుకొని సంతకం పెట్టండి.

కాగితాల దగ్గర ఎక్కువమంది తట్టుకొని పడే రాయి ఒకటుంది: పేరు. మా ఈబీ కనెక్షన్ తాత పేరు మీద ఉండేది. తాత పోయి పంతొమ్మిదేళ్లు. బిల్లు ఆయన పేరు మీదే వచ్చేది, మేమే కట్టేవాళ్లం, ఎవరికీ ఇబ్బంది లేదు. సబ్సిడీకి మాత్రం కనెక్షన్ పేరు, దరఖాస్తు పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటి కావాలి. వారసుల సర్టిఫికెట్టు, చిన్నాన్నల ఒప్పుకోలు, ఇంటి పన్ను రసీదు. ఒక చిన్నాన్న సంతకానికి మూడు పండగలు ఆగాల్సి వచ్చింది. ఆయనకు అభ్యంతరం ఏమీ లేదు, ఆయన్ని ముందుగా అడగలేదన్న అలక. ఇంకోటి, తెలుగు బడిలో చదివి ఆధార్‌లో ఒక రకంగా, తమిళ బిల్లులో ఇంకో రకంగా పేరు పడ్డవాళ్లు మా వైపు ఇంటికొకరు. అక్షరం తేడా ఇప్పుడే దిద్దించుకోండి. సోలార్ పెట్టినా పెట్టకపోయినా అక్కరకొచ్చే పనే.

ఇక మిద్దె. అమ్మేవాళ్లు చదరపు అడుగుల్లో మాట్లాడతారు, కిలోవాట్‌కు నీడ పడని నూరు అడుగులు అని. మిద్దె అంటే మనకు అడుగులు కాదు కదా. సంక్రాంతి ముందు రాగులు అక్కడే ఆరతాయి. మాఘం దాటాక చింతపండు గింజ తీసి పరిచేది అక్కడే. ఎండాకాలం రాత్రి చాప వేసుకొని పడుకునేది అక్కడే. పలకలు మోకాలెత్తున బిగిస్తే ఆ జాగా పాతికేళ్లు పోయినట్టే. మా ఇంట్లో ఇది నేను లెక్కలో రాసుకోని నష్టం. అవ్వ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత చింతపండు చాటలో పెట్టుకొని వీధి అరుగు మీద కూర్చుంది, వచ్చేపోయేవాళ్లందరికీ కారణం వినిపిస్తూ.

ఇనుప చట్రాన్ని ఏడెనిమిది అడుగుల ఎత్తున కట్టించుకుంటే కింద నడవొచ్చు, బట్టలు ఆరేయొచ్చు. ఖర్చు కొంత పెరుగుతుంది, ఆ ఖర్చు దండగ కాదు. అయితే ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది. గులాబీ తోటల పాలీహౌస్‌ల ప్లాస్టిక్కును చైత్ర వైశాఖాల గాలివాన ఎలా చీరేస్తుందో మా ప్రాంతం వాళ్లకు తెలుసు. మిద్దెకు రంధ్రాలు పెట్టి బోల్టులు బిగిస్తే పట్టు బాగుంటుంది, వానకు ఊరే భయం ఉంటుంది. సిమెంటు దిమ్మెలు పోసి వాటిలో కాళ్లు నాటడం మేలు. చట్రం వేడి జింకు పూత వేసినదా, పైపైన రంగు వేసినదా అడగండి. పెంకుటింటి మీద, పాత సిమెంటు రేకుల మీద బిగిస్తామని ఎవరన్నా వస్తే మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపేయండి.

నీడ విషయంలో మొహమాటం వద్దు. పలకలను దండలా ఒకదానికొకటి కలుపుతారు. ఒక పలక మీద కొబ్బరి మట్ట నీడ పడితే ఆ దండ మొత్తం మందగించవచ్చు. పక్కింటి కొబ్బరిచెట్టు, మన నీళ్ల ట్యాంకు, రేపు పక్క సైటులో లేవబోయే మేడ, మూడూ చూసుకోవాలి. మన కెలమంగలం పన్నెండున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, పలకలు దక్షిణానికి మొగ్గి దాదాపు అంతే వాలు ఉంటే చాలు.

మా నేలకు దేవుడిచ్చిన మేలు ఒకటి ఉంది, దాన్ని ఏ అమ్మకందారూ చెప్పలేదు. సోలార్ పలకకు వెలుగు కావాలి, వేడి గిట్టదు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు మూడో వంతు శాతం పడిపోతుంది. తిరుపతి మిద్దె మీద, వేలూరు మిద్దె మీద పలకలు కాలిపోతుంటే, సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న హోసూరు సీమలో అవే పలకలు కాస్త చల్లగా ఉండి, అదే ఎండకు కాస్త ఎక్కువ ఇస్తాయి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకునేవాళ్లు ఏప్రిల్ లెక్కను జనవరి లెక్కతో పోల్చి చూడండి, అనుకున్నంత తేడా ఉండదు.

నష్టం వైపు మబ్బు. జూన్ నుంచి మొదలైన ముసురు తెరిపిస్తూ మళ్లీ పడుతూ కార్తీకం దాకా సాగుతుంది. తుంపర రోజున మా రెండు కిలోవాట్లకు మూడు యూనిట్లు కూడా రాని సందర్భాలున్నాయి. రోజుకు నాలుగు అన్నది ఏడాది సగటు. వానాకాలం బిల్లు చూసి మోసపోయామనుకోవద్దు, వేసవి బిల్లు చూసి బావమరిదికి ఫోన్ చేయొద్దు. ఎండాకాలం మిగులు యూనిట్లు ఖాతాలో ఎంతకాలం నిలుస్తాయి, చివరికి వాటిని ఎలా తేలుస్తారు అన్నది సంతకానికి ముందే ఈబీ ఆఫీసులో అడిగి రాసుకోండి, నిబంధనలు మారుతూ ఉంటాయి.

దుమ్ము సంగతి కూడా. రాగి కళ్లాల పొట్టు, క్వారీల తెల్లదుమ్ము పలక మీద పొరగా కూర్చుంటాయి. నేను మొదట చేసిన పని బోరు నీళ్లు గొట్టంతో కొట్టడం. మధ్యాహ్నం పూట. వేడి అద్దం మీద నీళ్లు క్షణంలో ఆరిపోయి, ఉప్పు చారలు మిగిలాయి. వేలితో గీరితే గరగరమన్నాయి. మా కృష్ణగిరి జిల్లా బోరు నీటి సంగతి తెలిసిందే, ఫ్లోరైడ్ బాధ తీర్చడానికే హొగెనకల్ నీళ్లు ఇంతదూరం తెచ్చారు. ఇప్పుడు తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు, డ్రమ్ములో పట్టిన వాననీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. పదిహేను రోజులకొకసారి, అరగంట పని. ఆ అరగంట మీకు చిరాకైతే సోలార్ మీకు చిరాకే.

పర్యావరణం గురించి ఒక్క మాట. పొగ లేని కరెంటు అన్నది నిజం. పాతికేళ్ల తరవాత ఆ పలకలు చెత్త అన్నదీ నిజం. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలనూ చేర్చారు. పాత సామాన్లవాడికి తూకానికి వేయొద్దు.

ఇప్పుడు ఇంటి పని ఇస్తాను. పలకల ధర అడగడానికి ముందు చేయండి. గడిచిన ఆరు బిల్లులు తీసి ఒక కాగితం మీద యూనిట్లు రాయండి, రూపాయలు కాదు. తరవాత ఒక వారం, పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ మీటరు చూసి గోడ క్యాలెండర్ మీద అంకె వేయండి. మా వాడు ఆరో తరగతి, వాడికి అప్పగిస్తే ఇంకా తరచుగా మీటరు చూశాడు. మూడో రోజు వాడు పట్టుకొచ్చిన సంగతి ఇది: పొద్దున ఐదున్నర నుంచి ఏడు మధ్య ఇంట్లో తిరిగిన యూనిట్లు మిగతా పగలంతటికన్నా ఎక్కువ. గీజర్. మా చలికి ఏడాదిలో పది నెలలు వేడినీళ్లు కావాలి. 2 కిలోవాట్ల గీజర్ గంట తిరిగితే రెండు యూనిట్లు. అంటే మిద్దె మీద అర కిలోవాట్ పలకలు పగలంతా సంపాదించినది నాలుగు స్నానాలకు పోతోంది.

ఆ గీజర్ బదులు సోలార్ వాటర్ హీటర్ పెట్టి, డెబ్బై ఐదు వాట్ల పాత ఫ్యాన్లు మూడు తీసి ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించి ఉంటే, మా బిల్లు పలకలు లేకుండానే దాదాపు ఉచితపు అంచుకు వచ్చేది. ఈ లెక్క పలకలు ఎక్కిన ఎనిమిది నెలలకు వేశాను. హీటర్‌కు ఇప్పుడు మిద్దె మీద జాగా వెతుకుతున్నాను. దక్షిణం వైపు పలకలు పోగా మిగిలింది ట్యాంకు పక్కన ఆరడుగులు. అవ్వ అక్కడ ఈ ఏడు చింతపండు ఎండబెట్టింది.